కొత్త మోటారుకి తొలి పది గంటలు

ఏరా బావా,

నీ తెప్ప కొత్త మోటారు ఫోటో చూశాను. టూ స్ట్రోక్, 9.9 హార్స్‌పవర్. మొత్తానికి అనుకున్నది కొన్నావురా! జూన్ 14తో వేట నిషేధం అయిపోతుంది, 15న ఉప్పాడ తెప్పలన్నీ నీళ్లలో ఉంటాయి, నీ చేయి ఆగదని తెలుసు. అయినా ఒక్క పది గంటలు నా మాట విను.

ముందు ఆయిల్ సంగతి. మామూలుగా లీటరు పెట్రోలుకి 20 మిల్లీలీటర్లు కలిపే మోటారైతే, ఈ పది గంటలూ 40 కలపాలి. పొగ ఎక్కువొస్తుంది, రానీ. పక్క తెప్పవాళ్లు నవ్వితే నవ్వనీ. ఆయిల్ మాత్రం బోటు మోటార్ల కోసం చేసిన టీసీ-డబ్ల్యూ3 రకమే పొయ్యి. చవకని బైకు ఆయిల్ జోలికి పోకు.

కొత్తలో పిస్టన్ రింగులకీ సిలిండర్ గోడకీ ఇంకా పొత్తు కుదరదు. లోడు పడితేనే రింగులు గోడకి ఒరుసుకుని సరిగ్గా కూర్చుంటాయి. ఒకేసారి ఫుల్ లాగావంటే వేడెక్కి పిస్టన్ మీద గీతలు పడతాయి. అలాగని మీ మామయ్య చెప్పినట్టు నీళ్ల డ్రమ్ములో దించి రాత్రంతా లోడు లేకుండా ఐడిల్‌లో తిప్పినా లాభం లేదు. పెద్దాయనతో వాదించకు, తలూపి ఊరుకో.

ఉప్పాడ ఒడ్డున కెరటం దాటాలంటే ఫుల్ థ్రాటిల్ తప్పదు కదా. అందుకే తెప్పని ట్రాక్టరు మీద కాకినాడ పట్టుకెళ్లు. హోప్ ఐలాండ్ అడ్డుండటంతో లోపలి నీళ్లు నెమ్మదిగా ఉంటాయి. బాడుగ దండగ అనుకోకు, సిలిండర్ గోడ చెడితే అయ్యే ఖర్చు ముందు అదెంత?

మొదటి పది నిమిషాలు గేరు వేయకుండా నడుపు. గంట నిండేదాకా సగం థ్రాటిల్ దాటొద్దు, రెండో గంటలో ముప్పావు దాకా వెళ్లు. ఆ మీదట ఫుల్ ఇవ్వొచ్చు గానీ ఒక్కోసారి ఐదు నిమిషాలకి మించొద్దు. స్పీడు పెంచుతూ తగ్గిస్తూ ఉండు. వెనక చిన్న కన్నంలోంచి ఇంజన్ని చల్లబరిచే నీళ్లు చిమ్మడం ఆగితే ఇంజను వెంటనే ఆపెయ్. నువ్వు నీళ్లలో పడితే ఇంజన్ని ఆపేసే ఆఫ్ స్విచ్ తాడు మణికట్టుకి కట్టుకో, ఇది మా చెల్లెమ్మ తరఫున చెబుతున్నా.

పది గంటలయ్యాక గేరు ఆయిల్ మార్చు. పాలు కలిపినట్టు తెల్లగా ఉంటే సీలులోంచి నీళ్లు దిగుతున్నట్టే, వారంటీ ఉండగానే చూపించు.

ఆదివారం నేనూ వస్తా. గంటలు లెక్క రాయడం నా పని, టిఫిన్ ఖర్చు నీది.

నీ బావ