చలికాలంలో మీ బాక్సు: తాజా పుట్టగొడుగులు తక్కువ, ఎండువి ఎక్కువ

అందరికీ నమస్కారం.

అసలు సంగతి ముందే చెప్పేస్తాను. వచ్చే వారం నుంచి చలి వదిలేదాకా మీ బాక్సులో తాజా పుట్టగొడుగులు సగానికి తగ్గుతాయి. ఆ మేరకు షిటాకే అనే ముదురు గోధుమ రంగు పుట్టగొడుగులు ఎండువి, వాటితో పాటు ముత్యపు చిప్ప (ఆయిస్టర్) పుట్టగొడుగుల పొడి పంపుతాం. బాక్సు చేతికందగానే "ఇదేంటి, ఇంత తేలిగ్గా ఉంది" అనిపిస్తుంది. తాజా పుట్టగొడుగులో 90 శాతం దాకా నీళ్ళే కాబట్టి, కిలో ఎండబెడితే మిగిలేది దాదాపు 100 గ్రాములే. తూకం చూసి కంగారు పడకండి.

తగ్గడానికి కారణం చలి ఒక్కటే కాదు, గాలి కూడా. పుట్టగొడుగులు మొక్కల్లా కాదు, మనలాగే ఆక్సిజన్ తీసుకుని కార్బన్ డయాక్సైడ్ వదులుతాయి. గది వెచ్చగా ఉండాలని తలుపులన్నీ బిగించేస్తే ఆ వాయువు లోపలే పేరుకుంటుంది. అప్పుడు కాడలు బారుగా సాగుతాయి, గొడుగులు విప్పుకోవు. గాలి ఆడనిద్దామంటే వెచ్చదనమంతా బయటికి పోతుంది. రాత్రింబవళ్ళు హీటర్లు వేసి పాత దిగుబడే తీయొచ్చు, కానీ ఆ కరెంటు ఖర్చు చివరికి మీ బిల్లులోనే కలుస్తుంది. అందుకని పుట్టగొడుగులు పెరిగే బెడ్లను వాటి మానాన నెమ్మదిగా రానిస్తున్నాం.

నెమ్మదిగా వచ్చినవే నాకు ఎక్కువ ఇష్టం, అది వేరే సంగతి. చలిలో షిటాకే గొడుగు పూర్తిగా విచ్చుకోకుండా మందంగా, గట్టిగా తయారవుతుంది. జపాన్‌లో ఈ రకాన్ని డొంకో అని విడిగా గ్రేడు చేసి అమ్ముతారు. ముత్యపు చిప్పలకైతే చలి రంగు తెస్తుంది, మామూలుకన్నా ముదురు బూడిద రంగులో వస్తాయి. అవి పాతబడినవి కావు. కాడ మొదట్లో తెల్లటి నూగు కనిపించినా బూజనుకుని పారేయకండి. అది పుట్టగొడుగు తాలూకు సొంత పోగులే, తినొచ్చు. పారేయాల్సినవి జిగురుగా మారినవి, పుల్లటి వాసన వేసేవి, ఆకుపచ్చగానో నల్లగానో మచ్చలు పట్టినవి.

ఆర్గానిక్ అంటే ఏమిటని చాలామంది అడుగుతుంటారు. పుట్టగొడుగు తాను పెరిగే గడ్డి నుంచి, రంపపు పొట్టు నుంచి తిండి తీసుకుంటుంది. ఆ మేతలో ఏముంటే దానిలో కొంత ఇందులోకీ వస్తుంది, భార లోహాలతో సహా. అందుకే ఆర్గానిక్ పెంపకంలో చూడాల్సింది మొదట మేతనే: గడ్డి రసాయనాలు వాడని పొలం నుంచి రావాలి, పొట్టు రంగులూ జిగుర్లూ అంటని చెక్కది అయ్యుండాలి. మేము హామీ ఇచ్చేది అంతవరకే. ఆర్గానిక్ కాబట్టి రుచి రెట్టింపు, పోషకాలు రెట్టింపు అని నేను అమ్మను. రుచి రకాన్ని బట్టి, తాజాదనాన్ని బట్టి, ఆపైన మీ వంట చేతిని బట్టి ఉంటుంది.

ఇక వంట. తాజా వాటి విషయంలో ఎక్కువమంది చేసేది ఒకటే: చిన్న మూకుట్లో అన్నీ ఒక్కసారే కుమ్మరించి మూత పెట్టేయడం. నీళ్ళు ఊరి, ఆ నీళ్ళలోనే ఉడికి, చప్పగా తేలుతాయి. వెడల్పాటి పెనంలో పలచగా పరిచి, మూత లేకుండా, ముందు నూనె కూడా వేయకుండా వేడి చేయండి. నీళ్ళు ఊరతాయి, ఇగిరిపోతాయి. నీళ్ళున్నంతసేపు వేడి 100 డిగ్రీలు దాటదు. ఎర్రగా వేగి కమ్మటి వాసన రావాలంటే 140 డిగ్రీలు దాటాలి. కాబట్టి చిటపట చప్పుడు మారి పెనం పొడిబారాక నూనె, ఉప్పు, వెల్లుల్లి. మాడుతుందేమోనని భయపడి తొందరగా దించేస్తే అసలు రుచి రాకముందే దించేసినట్టు. కడగకూడదని ఎవరో చెప్పారని గుడ్డతో తుడుస్తూ కూర్చోనక్కర్లేదు, వండే ముందు కుళాయి కింద గబగబా కడిగితే ఏమీ కాదు. కడిగి దాచిపెడితేనే పాడవుతాయి.

సూపుల్లో, ఇగురు కూరల్లో పుట్టగొడుగుకి ఉన్న సుగుణం ఏమిటంటే అది చితికిపోదు. కూరగాయల కణాల గోడలు వేడికి మెత్తబడతాయి. పుట్టగొడుగు కణాల గోడల్లో ఉండేది కైటిన్ అనే గట్టి పదార్థం, రొయ్యల పెంకులో ఉండేదే. గంట ఉడికినా ముక్క ముక్కలాగే ఉంటుంది. చలికాలంలో పొయ్యి మీద పెట్టి మరిచిపోయే వంటలకి ఇంతకన్నా నమ్మకమైన సరుకు నా దగ్గర లేదు.

ఈ సీజన్లో మీకు ఎక్కువగా వచ్చేవి ఎండు షిటాకే కాబట్టి వాటి దగ్గర కాసేపు ఆగుతాను. హడావుడిలో మరుగుతున్న నీళ్ళు పోసి పావుగంటలో పిండేస్తే సగం రుచి పోతుంది. రాత్రి చన్నీళ్ళలో వేసి ఫ్రిజ్‌లో పెట్టండి, మర్నాడు ఆ నీళ్ళతో సహా సన్నటి మంట మీద మెల్లగా కాచండి. నానిన షిటాకేలో ఉండే ఎంజైములు 60, 70 డిగ్రీల మధ్య బాగా పనిచేసి గ్వానిలేట్ అనే రుచి పదార్థాన్ని తయారు చేస్తాయి. షిటాకే రుచికి ఇదే మూలమని జపాన్ శాస్త్రవేత్త అకిరా కునినాకా 1957లో గుర్తించారు. అదే దేశంలో 1908లో కికునే ఇకెడా సముద్రపు నాచులో మరో రుచి పదార్థం గ్లూటమేట్‌ను గుర్తించారు. ఈ రెండూ ఒకే గిన్నెలో కలిస్తే విడివిడి రుచుల మొత్తం కన్నా ఎన్నో రెట్లు గాఢంగా తగులుతుంది. సైన్సు పక్కన పెడితే మీరు చేయాల్సింది ఇంతే: పండిన టమాటాలు గానీ, సోయా సాస్ గానీ, చీజ్ గానీ షిటాకే నీళ్ళతో కలపండి. వాటిలో గ్లూటమేట్ దండిగా ఉంటుంది. ఉప్పు తగ్గించినా నోటికి లోటు తెలియదు.

నానబెట్టిన నీళ్ళు పారబోయకండి, అసలు సారం అందులోనే ఉంది. అడుగున ఇసుక రేణువులు ఉండొచ్చు, పలచటి గుడ్డలో వడకట్టండి. కాడలు ఎంత నానినా నమలలేం, కోసి సూపు నీళ్ళు మరిగేటప్పుడు వేసి తర్వాత తీసేయండి. షిటాకేని పచ్చిగా గానీ సగం ఉడికించి గానీ తినొద్దు. కొందరికి ఒంటిమీద కొరడాతో కొట్టినట్టు చారలు చారలుగా దద్దుర్లు వస్తాయి. లెంటినాన్ అనే పదార్థం వల్ల వస్తాయంటారు. బాగా ఉడికిస్తే ఆ బెడద ఉండదు. మిగతా రకాలూ ఉడికించుకునే తినండి. ముఖ్యంగా ఎనోకి, అంటే సన్నటి పొడవాటి కాడలతో గుత్తులుగా వచ్చే తెల్ల పుట్టగొడుగు. అమెరికాలో 2016 నుంచి 2020 వరకు ఎనోకి ద్వారా పాకిన లిస్టీరియా అనే బాక్టీరియాతో 36 మంది జబ్బుపడ్డారు, నలుగురు చనిపోయారు. సలాడ్‌లో పచ్చిగా చల్లుకునే సరుకు కాదది.

పొడి వాడకం తేలిక. నలుగురికి చేసే సూపులో ఓ చెంచా, గ్రేవీలో ఓ చెంచా, ఉడుకుతుండగానే వేయండి. దించాక పైన చల్లితే మట్టి వాసన తగులుతుంది.

ఇప్పుడు పానీయాలు. పుట్టగొడుగుల పొడి కలిపిన మష్రూమ్ కాఫీ ఎప్పుడు మొదలుపెడతారని చాలామంది అడిగారు. ఈ ఏడాది మొదలుపెట్టడం లేదు. అమ్ముడుపోదని కాదు, బహుశా అన్నిటికన్నా బాగా అమ్ముడుపోయేది అదే. కానీ దాన్ని అమ్మాలంటే జ్ఞాపకశక్తి, రోగనిరోధక శక్తి అని ప్యాకెట్ మీద రాయాలి, రాయకపోతే ఎవరూ కొనరు. జ్ఞాపకశక్తికి మంచిదని చెప్పే లయన్స్ మేన్ అనే పుట్టగొడుగు మీద మనుషుల్లో జరిగిన పరిశోధనలు చిన్నవి, కొద్దిమందితో చేసినవి. ఆ బలం మీద నేను మాటివ్వలేను. ఇలాంటి కాఫీల్లో కలిపే మరో రకం రీషి చేదు, పైగా రక్తం పలచబడే మందులు వాడేవాళ్ళకి పనికిరాకపోవచ్చు. ఇంకో రకం చాగాలో కిడ్నీలకు చేటు చేసే ఆక్సలేట్లు బాగా ఎక్కువ. జపాన్‌లో నెలల తరబడి రోజూ నాలుగైదు చెంచాల చాగా పొడి తీసుకున్న ఒక పెద్దావిడకి కిడ్నీలు దెబ్బతిన్నట్టు 2014లో వైద్య పత్రికలో వచ్చింది. షుగరుకో, రక్తం పలచబడటానికో, రోగనిరోధక శక్తిని అణచడానికో మందులు వాడుతున్నవాళ్ళు ఇలాంటి పొడులు, సారాలు మొదలుపెట్టే ముందు డాక్టరును అడగండి.

బయట కొన్న పొడి మీ ఇంట్లో ఉంటే చిన్న పరీక్ష చేసుకోవచ్చు. కొన్ని పొడులు పుట్టగొడుగువి కావు, ధాన్యం మీద పెంచిన పోగులను ధాన్యంతో సహా ఎండబెట్టి దంచినవి. చిటికెడు పొడిని నీళ్ళలో మరగబెట్టి, చల్లారాక రెండు చుక్కల అయోడిన్ వేయండి. నీలం నలుపుగా మారితే అందులో పిండిపదార్థం ఉన్నట్టే. పుట్టగొడుగులో స్టార్చ్ ఉండదు. ఆ నీళ్ళు పారబోయండి, తాగేరు!

మరి నేనేం తాగుతానంటారా? షిటాకే నానిన నీళ్ళు, నలిపిన అల్లం ముక్క, మిరియాలు, ఉప్పు. పది నిమిషాలు మరిగించి వడకట్టి కప్పులో పోసుకోవడం. చలి సాయంత్రాల్లో రెండో కప్పు టీ మానేయడానికి ఇది సరిపోతుంది. తీపి కావాలంటే పాలలో కోకోతో పాటు పావు చెంచా ముత్యపు చిప్ప పొడి వేసి బాగా మరిగించండి. కోకో చేదు ముందు దాని వాసన తెలియదు, పాలు మాత్రం కాస్త చిక్కగా అనిపిస్తాయి. కాఫీలోనూ వేసి చూశాను. కాఫీని కాఫీగా తాగడమే మేలు.

విటమిన్ డి గురించి కూడా. మసక వెలుతురులో పెరిగిన పుట్టగొడుగులో అది దాదాపు ఉండదు. కానీ దానిలోని ఎర్గోస్టెరాల్ అనే పదార్థం అతినీలలోహిత కిరణాలు తగిలితే విటమిన్ డి2గా మారుతుంది, కోసిన తర్వాత కూడా. ముక్కలు చేసి, గొడుగు కింది మడతలు పైకి వచ్చేలా మధ్యాహ్నపు ఎండలో గంట ఉంచితే చాలు. మంచి ఎండలో 100 గ్రాములకు 10 మైక్రోగ్రాముల దాకా తయారవుతుందని పరిశీలనల్లో తేలింది. వండితే పెద్దగా పోదు. చిక్కేమిటంటే, భూమధ్యరేఖకు దూరంగా ఉండేచోట్ల చలికాలపు ఎండలో ఆ కిరణాలు బలహీనం. ఇప్పుడు మీకు పంపుతున్న షిటాకే వేసవి ఎండలో ఎండినవే. అయినా నిల్వలో కొంత తగ్గుతుంది, మేము పరీక్ష చేయించలేదు, అందుకే ప్యాకెట్ మీద ఏ అంకె వేయలేదు. డాక్టరు రాసిన మాత్రలకి బదులుగా వాడకండి.

తాజావి రాగానే ప్లాస్టిక్ తీసేసి కాగితపు సంచిలో వేసి ఫ్రిజ్‌లో పెట్టండి. కోసినా అవి ఊపిరి పీలుస్తూనే ఉంటాయి, ప్లాస్టిక్‌లో చెమట పట్టి జిగురెక్కుతాయి. ఎండువీ పొడీ గాలి చొరని సీసాలో, పొయ్యికి దూరంగా. షిటాకేని విరిస్తే టప్పుమని విరగాలి. వంగితే తేమ పట్టినట్టు, సన్నటి సెగ మీద మళ్ళీ ఆరబెట్టుకోండి.

తాజావే కావాలనుకునేవాళ్ళు ఈ వారాంతంలోగా మెసేజ్ పెట్టండి. ఉన్నంతలో ముందు అడిగినవాళ్ళకి ముందు. పొడి వద్దంటే దాని బదులు ఎండు షిటాకే కాడలు పంపగలం. సూపు బాగా తాగే ఇంటికి పొడికన్నా అవే నయం.