చిన్ని డాన్స్ వర్క్‌షాప్ గురించి అమ్మకి

వియన్నా,
నవంబరు 18

అమ్మా,

మేమిద్దరం బాగానే ఉన్నాం. పని మామూలే. చలి మొదలైంది, హీటరు పనిచేస్తోంది, స్వెట్టర్లు ఉన్నాయి, కంగారు పడకు. చిన్ని డిసెంబరులో వెళ్ళే మూడ్రోజుల ఆరుబయటి కాంటెంపరరీ డాన్స్ వర్క్‌షాప్ సంగతి ఫోన్లో సగంలో ఆగిపోయిందని రాస్తున్నా. కాంటెంపరరీ అంటే పాత శాస్త్రీయ పద్ధతులకి కట్టుబడని ఈ కాలపు డాన్సు. నాన్నకి కూడా చదివి వినిపించు.

ఆరుబయట డాన్సేమిటి, దారినపోయే వాళ్ళంతా చూస్తారన్నావు. చూస్తారు. రెండు నిమిషాలు చూసి వాకింగ్‌కి పోతారు. నవాబుల కాలపు నాట్యగత్తెలు తారామతి, ప్రేమామతి తమ బారాదరి మండపం నుంచి గోల్కొండ దాకా తాళ్ళ మీద ఆడుతూ వెళ్ళేవాళ్ళని కథ చెప్పుకునే ఊళ్ళో ఉండి నువ్వే ఈ మాటంటే ఎలా? న్యూయార్క్‌లో ట్రిషా బ్రౌన్ అనే ఆవిడ 1971లోనే డాన్సర్లని మేడల మీద నిలబెట్టింది. ఒక మేడ మీద వాళ్ళు చేసింది చూసి దూరపు మేడ మీద వాళ్ళు చెయ్యాలి. కాంటెంపరరీలో ఇదేం కొత్త సంగతి కాదు.

నాకున్న భయమల్లా నేల గురించే. మొదటిరోజు పార్కు గడ్డి మీద, తర్వాత రెండ్రోజులు రాళ్ళ దగ్గర అని చిన్ని చెప్పింది. డిసెంబరు పొద్దున గడ్డి మంచుకి తడిసి జారుతుంది. ఎండెక్కి ఆరాక పాదాన్ని పట్టేస్తుంది, అసలు ప్రమాదం అప్పుడే. పాదం కదలకుండా ఒళ్ళు తిరిగితే మెలికంతా మోకాలికే. గడ్డి మీద గిరగిరా తిరగొద్దను. మడమ లేపి మూడు నాలుగు చిన్న అడుగుల్లో తిరిగితే చాలు. రబ్బరు బూట్లేస్తే పట్టు ఇంకా ఎక్కువ. రాయి, సిమెంటు మీదైతే గెంతులు బాగా తగ్గించాలి. చెక్క నేల కాస్త దిగి దెబ్బ తీసుకుంటుంది, రాయి తీసుకోదు, పిక్కల ముందు ఎముక నొప్పెడుతుంది. గెంతి దిగేటప్పుడు ముందు మునివేళ్ళు, ఆఖర్న మడమ. మోకాలు రెండో వేలి వైపే వంగాలి, లోపలికి పడకూడదు. దిగిన చప్పుడు పెద్దగా వినబడితే తప్పు దిగినట్టే.

చిన్నికి కష్టమయ్యేది ఇక్కడే. కూచిపూడిలో నేల మీద పాదం తట్టు గట్టిగా వినబడాలని ఇన్నేళ్ళూ నేర్పించాం కదా. అదే తట్టు గ్రానైటు మీద కొడితే మడమ కమిలిపోతుంది. ఇంకో అలవాటు, నడుం పైన నిటారుగా ఉండటం. ఈ కాంటెంపరరీ వాళ్ళు వెన్ను వంచమంటారు, బరువు నేలకి వదిలెయ్యమంటారు. మోకాళ్ళు పక్కలకి వంచి సగం కూచునే అరమండి వల్ల తొడల్లో బలం ఉందిలే, అది పనికొస్తుంది. మూడోది చూపు. ఎదురుగా సభ ఉన్నట్టు చూస్తుంది, మైదానంలో ముందూ వెనకా ఏముంటుంది? నలుగుర్ని పతంగి మూలల్లా నిలబెట్టి ఒక అభ్యాసం చేయిస్తారు. ముందున్న వాళ్ళు కదిలితే మిగతా ముగ్గురూ అప్పుడే కదలాలి, అందరూ పక్కకి తిరిగితే ఆ మూలనున్న వాళ్ళు ముందువాళ్ళవుతారు. తల తిప్పి చూస్తే ఆలస్యమైపోతుంది, కంటి కొసలతోనే పట్టుకోవాలి. గోడలుండవు కాబట్టి స్పీకరు మోత చెదిరిపోతుంది, పక్కవాళ్ళ ఊపిరి వినడం నేర్చుకోవాలి. లెక్క మాత్రం ఎనిమిదే, ఆదితాళంలాగే. అందులో మనదాన్ని ఎవరూ మించలేరు.

పిన్ని గృహప్రవేశానికి చీర నువ్వే తీసెయ్, డబ్బులు పంపిస్తా.

పొర్లడం సంగతి. తల నేలకి తగలకూడదు, మెడ మీదుగా అసలే పొర్లకూడదు. కుడి భుజం నుంచి ఎడమ పిర్ర దాకా ఏటవాలుగా పోవాలి. వాలీబాల్ వాళ్ళు పెట్టుకునే మోకాలి ప్యాడ్లు కొను, ప్యాంటు లోపల వేసుకోవాలి, పైన వేసుకుంటే జారిపోతాయి. పొడుగు చేతుల కాటన్ చొక్కా, చీలమండ దాకా ప్యాంటు. గాజులు, గొలుసు, ఉంగరం ఇంట్లోనే. పొడుగు చేతులు ఎండకే కాదు, వయ్యారిభామ కలుపు మొక్క తగలకుండా కూడా. చిన్నిది అసలే దద్దుర్లొచ్చే ఒళ్ళు. మొదలుపెట్టే ముందు అందరూ చెప్పులతో వరసగా నడిచి పల్లేరుకాయలు, గాజు పెంకులు ఏరెయ్యాలి. సంక్రాంతి దగ్గరపడుతోంది కదా, తెగిన మాంజా గడ్డిలో కనబడదు, అదీ చూసుకోవాలి.

మగపిల్లలతో వీపూ వీపూ ఆనించి చేస్తారట అన్నావు. చేస్తారు, ఆడపిల్లలతోనూ చేస్తారు. బరువు పంచుకోవడం అందులో పాఠమే అమ్మా. వేళ్ళు కాదు, మణికట్టు పట్టుకోవాలి. ఎదుటివాళ్ళ నడుం మీద కాదు, కటి ఎముక మీద బరువెయ్యాలి. వద్దనిపిస్తే వద్దని చెప్పొచ్చు, మంచి టీచరైతే ఆ మాట మొదటే చెప్తారు. చెప్పకపోతే లేచి వచ్చెయ్యమన్నాను. ఇంతకంటే నువ్వైనా ఏం చెప్తావు?

ఏడింటికి మొదలంటే ఐదున్నరకే రెండిడ్లీలు పెట్టు, పొట్ట నింపి పంపకు. నీళ్ళు దాహమయ్యేదాకా ఆగకుండా ఇరవై నిమిషాలకోసారి కొంచెం కొంచెం. ఓఆర్‌ఎస్ పొడి ప్యాకెట్టుంటే దాని మీద రాసినన్ని నీళ్ళలో మొత్తం కలపాలి, తక్కువ నీళ్ళలో కలిపితే ఉప్పెక్కువై కడుపు పాడవుతుంది. మజ్జిగైనా సరే. చలి పొద్దున వెళ్ళగానే కాళ్ళు చాపి సాగదియ్యొద్దు, పావుగంట నడిచి, కీళ్ళన్నీ తిప్పి, ఒళ్ళు వేడెక్కాకే. ఎండెక్కి రాళ్ళు కాలితే ఆపైన ఒట్టికాళ్ళతో చెయ్యనివ్వొద్దు.

రెండో రోజు తొడలు పట్టేస్తాయి, మెట్లు దిగడం కష్టమవుతుంది. అది మామూలే. అమృతాంజనం రాసి పడుకోబెట్టకు, మెల్లగా నడిపించు. కీలు వాచినా, ఒకేచోట పోటుగా నొప్పి ఉన్నా మాత్రం మూడో రోజు పంపకు, ఏడ్చినా సరే.

నాన్న షుగరు టెస్టు మళ్ళీ వాయిదా వేశారట, చిన్ని చెప్పింది. ఆయన చెప్పే సాకులు నాకు రాయకు, రిపోర్టు పంపు.

చిన్ని టెటనస్ ఇంజెక్షన్ ఎప్పుడు వేయించామో పాత ఫైల్లో చూడు. పదేళ్ళు దాటితే ఈ వారమే వేయించు, ఒట్టికాళ్ళతో నేల మీద చేసే పని కదా.

నీ
పద్దు