ఎమర్జెన్సీ చీటీ మీద తారీఖు, దవాఖాన పేరు రాయాలి

సంపాదకుడు గారికి,

నమస్కారం. పోయిన మిర్చి సీజన్‌లో మా బాపు వరంగల్‌లోని ఎనుమాముల మార్కెట్‌కు సరుకు తీసుకుపోయి, ధర కోసం ఎదురుచూస్తూ యార్డులోనే కళ్లు తిరిగి కూలబడ్డాడు. వెంటనే దవాఖానకు తీసుకుపోతే బీపీ 210/120 ఉందన్నారు. రాత్రంతా కనిపెట్టుకుని చూశారు, తెల్లారేసరికి దిగింది. ఆ రాత్రి డ్యూటీలో ఉన్నవాళ్ల మేలు మేం మరవలేం. పొద్దున పది రోజుల గోలీలు రాసి, "బీపీ చూపించుకుంటూ ఉండండి" అని చెప్పి ఇంటికి పంపారు.

ఎక్కడ చూపించుకోవాలో, ఎప్పుడు చూపించుకోవాలో చీటీలో లేదు. మేమూ అడగలేదు, ఆ తప్పు మాది. గోలీలు అయిపోయేనాటికి బాపుకు తలనొప్పి లేదు, కళ్లు తిరగడం లేదు. "ఆ రోజు ధర టెన్షన్‌కు పెరిగింది, ఇప్పుడు నాకేం లేదు" అన్నాడు. ఇంటిల్లిపాదీ నమ్మాం. నాలుగు నెలలకు పత్తి చేనులో యూరియా వేస్తుంటే కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. ఇప్పుడు అన్నం ఎడమ చేత్తో తింటున్నాడు.

బాపు మాట పూర్తిగా తప్పేం కాదని తర్వాత ఒక డాక్టరు గారు చెప్పారు. నొప్పికి, భయానికి బీపీ నిజంగానే పెరుగుతుంది. అందుకే ఎమర్జెన్సీలో ఒకసారి ఎక్కువ చూపించినంత మాత్రాన అది ఎప్పుడూ ఉండే బీపీ అని చెప్పలేరట. మనిషి నిమ్మళంగా ఉన్నప్పుడు వేరే రోజుల్లో మళ్లీ చూడాలి. అప్పుడు కూడా 140/90, లేదా అంతకు మించి ఉంటే జబ్బు ఉన్నట్టే. అంటే టెన్షనో, జబ్బో తేల్చేది ఆ రెండో పరీక్షే. మాకు జరగనిది సరిగ్గా అదే. పైగా బీపీ లోపల పెరుగుతున్నా చాలామందికి ఏ బాధా తెలియదు. నొప్పి ఉంటేనే దవాఖానకు పోయే మాలాంటి వాళ్లం ఇక్కడే మోసపోతున్నాం.

దేశంలో పెద్దవాళ్లలో దాదాపు 22 కోట్ల మందికి బీపీ ఉందని, వాళ్లలో అదుపులో ఉన్నది 12 శాతం మందికేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది. బీపీ అదుపు కోసం 2017లో కేంద్రం పెట్టిన కార్యక్రమం మొదలైన అయిదు రాష్ట్రాల్లో మన తెలంగాణ ఒకటి. ప్రభుత్వ దవాఖానల్లో గోలీలు ఉచితం. ముప్ఫై ఏళ్లు దాటిన వాళ్లకు ఏఎన్ఎంలు, ఆశా వర్కర్లు ఇల్లిల్లూ తిరిగి బీపీ చూస్తున్నారు. మా ఇంటికీ వచ్చారు, బాపు చేను కాడ ఉన్నాడు. ఊళ్లో ఇంత ఏర్పాటు ఉండి కూడా, పట్నంలో బాపుకు 210 వచ్చిన సంగతి మా ఏఎన్ఎం అక్కకు చేరే దారి లేకపోయింది.

వరంగల్, హనుమకొండ జిల్లాల వైద్యాధికారులకు నా విన్నపం ఒక్కటే. బీపీ ఎక్కువై ఎమర్జెన్సీకి వచ్చిన మనిషిని ఇంటికి పంపేటప్పుడు చీటీ మీద రెండు ముక్కలు రాయించండి: మళ్లీ ఏ తారీఖున చూపించుకోవాలి, వాళ్ల ఊరికి దగ్గరి పల్లె దవాఖాన ఏది. రోగి ఫోన్ నంబరు ఆ ఊరి ఏఎన్ఎంకు పంపించండి. రాకపోతే ఆమె ఒక ఫోన్ చేస్తుంది. ప్రైవేటు దవాఖానలకూ ఇదే చెప్పండి. మిర్చి సీజన్‌లో మార్కెట్ యార్డులో ఒక బీపీ మిషన్ పెట్టినా ఎంతోమంది రైతులకు మేలు.

ఈమధ్య ఎమర్జెన్సీకి పోయి వచ్చినవాళ్లు మీ ఇంట్లో ఉంటే, బాగానే ఉన్నారు కదా అని ఊరుకోకండి. ఆ చీటీ పట్టుకుని ఈ వారమే పల్లె దవాఖానకు తీసుకుపోండి. పోయేముందు అరగంట దాకా చాయ్, బీడీ వద్దు. అక్కడ అయిదు నిమిషాలు కూర్చోబెట్టాకే బీపీ చూడమనండి. గోలీలు రాస్తే, మానాలా వద్దా అన్నది డాక్టరునే అడగండి.

ఇట్లు,
ఒక రైతు కొడుకు,
నర్సంపేట, వరంగల్ జిల్లా