తీర గ్రామాల సంఘం వార్షిక నివేదిక

గౌరవనీయులైన అధ్యక్షుల వారికి, కార్యవర్గ మిత్రులకు, సభ్యులందరికీ నమస్కారం.

సంఘం ఎందుకు పెట్టుకున్నామో మళ్లీ చెప్పి మీ సమయం తీసుకోను. గత ఏప్రిల్ నుంచి ఈ మార్చి దాకా మన పనంతా దాదాపు రెండు విషయాల చుట్టూనే తిరిగింది. సీఆర్‌జెడ్ (తీర నియంత్రణ జోను) పటాల్లో మన ఊళ్లు ఎక్కడున్నాయో తేల్చుకోవడం ఒకటి. మన తీరానికి వస్తామన్న ప్రాజెక్టు మీద జరిగిన ప్రజాభిప్రాయ సేకరణ రెండోది. ఈ రెండోది మనం గట్టిగా చెప్పుకోదగ్గ పని కాబట్టి దాని గురించి కాస్త ఎక్కువే రాశాను, ఓపిక పట్టండి.

ముందు పటాల సంగతి. తుఫాను షెల్టర్‌లో ఆదివారం తరగతులు పెట్టి, 1991 ఫిబ్రవరిలో వచ్చిన తొలి నోటిఫికేషన్ మొదలు 2011, 2019 నోటిఫికేషన్ల దాకా ఏమేం మారిందో చదువుకున్నాం. మూడూ 1986 పర్యావరణ పరిరక్షణ చట్టం కింద కేంద్రం జారీ చేసినవే. పార్లమెంటు ఓటేసి చేసిన చట్టాలు కావు కనుకనే సవరణలు అంత తేలిగ్గా వచ్చిపడుతుంటాయి. సముద్రం పోటు గీత నుంచి నేల వైపు 500 మీటర్ల దాకా ఈ నిబంధనలు వర్తిస్తాయని మన వాళ్లలో చాలామందికి తెలుసు. ఉప్పుటేరు పక్కన ఎంతో అడిగితే మాత్రం నోళ్లు తెరిచారు. 2011లో అది 100 మీటర్లు లేదా ఏరు వెడల్పు, ఏది తక్కువైతే అది. 2019లో ఆ 100 కాస్తా 50 అయింది.

పల్లెటూళ్లు ఎక్కువగా సీఆర్‌జెడ్-3 కింద వస్తాయి. 2019 నోటిఫికేషన్ దీన్ని రెండుగా చీల్చింది. 2011 జనాభా లెక్కల ప్రకారం చదరపు కిలోమీటరుకు 2,161 మందికి మించి ఉంటే 3-ఏ, అక్కడ పోటు గీత నుంచి 50 మీటర్ల లోపు కట్టడాలు కూడదు. జనం అంతకన్నా పలచగా ఉంటే 3-బీ, అక్కడ 200 మీటర్లు. మన వైపు ప్లాట్లు అమ్మేవాళ్లు ఈ 50 అంకె ఒక్కటీ పట్టుకుని బోర్డులు పాతేశారు. వాళ్లు చెప్పనిది ఒకటుంది. 2019 ప్రకారం తిరిగి తయారుచేసిన తీర నిర్వహణ పటాన్ని కేంద్రం ఆమోదించేదాకా పాత 2011 నిబంధనలే నడుస్తాయి. వాటిలో 3వ జోను అంతటికీ 200 మీటర్లే. ప్లాటు కొనే ముందు ‘ఏ పటం ప్రకారం?’ అని ఒక్క ప్రశ్న వేయమని ఇంటింటికీ కరపత్రం పంచాం. పంచాయతీ ప్లాను ఇచ్చిందిగా అనేవాళ్లకు మరడు కథ చెప్పాం. కేరళలోని మరడులో సీఆర్‌జెడ్ నిబంధనలకు విరుద్ధంగా కట్టిన అపార్టుమెంట్లు స్థానిక సంస్థ పర్మిట్లు ఇచ్చినవే. అయినా సుప్రీంకోర్టు ఆదేశంతో 2020 జనవరిలో నాలుగు సముదాయాలనూ నేలమట్టం చేశారు.

తరగతుల్లో అందరినీ కూర్చోబెట్టింది మాత్రం స్కేలు లెక్క. జిల్లా పటం 1:25,000 స్కేలులో ఉంటుంది. మన రిటైర్డ్ సర్వేయరు గారు దాన్ని నేల మీద పరిచి, పోటు గీత మీద పెన్సిలు ముల్లు ఆనించి, ఈ గీత మందం ఎంతని అడిగారు. అర మిల్లీమీటరు అనుకుందాం. నేల మీద అది పన్నెండున్నర మీటర్లు! అంటే ఆ గీత ఒక ఇంటిని గడపతో సహా మింగేయగలదు. నిషేధ జోను మొత్తం 200 మీటర్లు ఆ పటంలో 8 మిల్లీమీటర్లే. అదే 1:4,000 స్కేలులో, సర్వే నంబర్లతో ఉండే స్థానిక పటం అయితే 200 మీటర్లు 5 సెంటీమీటర్లు వస్తుంది. ఎవరి చేను లోపల, ఎవరి గోడ బయట అన్నది అప్పుడు కంటికి ఆనుతుంది. పంచాయతీల లాంటి స్థానిక సంస్థల వాడకం కోసం ఆ పటాలు ఉండాలని నోటిఫికేషనే చెబుతోంది.

అందుకే ఆ పటం కోసం ఏడాదంతా తిరిగాం. ఒక కార్యాలయం మరో కార్యాలయాన్ని చూపింది, అది వెబ్‌సైటును చూపింది, వెబ్‌సైటులో దొరికింది మళ్లీ 1:25,000దే. సమాచార హక్కు దరఖాస్తుకు 30 రోజుల్లో రావలసిన జవాబు మొదటి అప్పీలు వేశాక గానీ రాలేదు. వచ్చిన కాగితంలో అడిగిన పటం లేదు. ఈ విషయంలో ఇంతకన్నా మర్యాదగా రాయడం నా వల్ల కాదు. ఇన్‌వార్డు నంబర్లన్నీ ఫైలులో భద్రంగా ఉన్నాయి, చూడదలచినవారు అడగవచ్చు. ఈలోపు మన వాళ్లే పొలాల కొలతలు చూపే ఎఫ్‌ఎంబీ స్కెచ్‌లు పట్టుకుని పడవలు ఆపే చోటు, అలివి వల లాగే రేవు, వలలు, చేపలు ఆరబెట్టే ఇసుక, సరుగుడు తోటలు, తాబేళ్లు గుడ్లు పెట్టే దిబ్బలు ఒక పెద్ద షీటు మీద గుర్తించారు. దానికి చట్టబద్ధత ఏమీ లేదు. కానీ తర్వాత మనల్ని కాపాడింది ఆ షీటే.

ఇక ప్రజాభిప్రాయ సేకరణ. 2006 సెప్టెంబరు 14 నాటి ఈఐఏ (పర్యావరణ ప్రభావ అంచనా) నోటిఫికేషన్ ప్రకారం పర్యావరణ అనుమతికి ముందు కాలుష్య నియంత్రణ మండలి దీన్ని జరపాలి. కనీసం 30 రోజుల ముందు పత్రికల్లో ప్రకటన రావాలి, తెలుగులో సారాంశం అందుబాటులో ఉండాలి. మన దగ్గర రెండూ జరిగాయి, కాదనను. చాలామంది దీన్ని ఓటింగు అనుకుంటారు. వద్దనేవాళ్లు ఎక్కువమంది వస్తే ప్రాజెక్టు ఆగుతుందని ట్రాక్టర్లు మాట్లాడబోయారు. ఆపాం. ఇక్కడ కోరమూ లేదు, చేతులెత్తడమూ లేదు. మినిట్స్‌లో ఎక్కిన అభ్యంతరానికి కంపెనీ తుది నివేదికలో జవాబు రాయాలి, నిపుణుల కమిటీ అది చూడాలి. ఎక్కని మాట గాలికి పోతుంది. అందుకని నినాదాలు పక్కనపెట్టి, ప్రతి మాటా పేజీ నంబరుతో రాయించాం.

కంపెనీ ముసాయిదా ఈఐఏ నివేదికలో మన అలివి వల రేవు ‘వినియోగంలో లేని ఇసుక తీరం’గా పడింది. శ్రీకాకుళం జిల్లా సోంపేట బీలలో థర్మల్ విద్యుత్ ప్రాజెక్టు మీద జరిగిన గొడవ తెలిసిన పెద్దలు అది వినగానే ఉలిక్కిపడ్డారు. అక్కడా చిత్తడి నేలను పనికిరాని భూమిగా చూపడం మీదే పెద్ద వివాదం. 2010 జులై 14న పోలీసు కాల్పులు జరిగాయి. ఆ థర్మల్ ప్రాజెక్టుకిచ్చిన పర్యావరణ అనుమతిని జాతీయ పర్యావరణ అప్పిలేట్ అథారిటీ రద్దు చేసిందీ ఆ రోజే. కాగితంలో ఒక్క మాట తప్పు పడితే ఎంత దూరం పోతుందో మనకు ఇంకెవరూ చెప్పనక్కర్లేదు.

ఆ రోజు మన మహిళా సభ్యులు ఆ షీటు పట్టుకుని వేదిక ముందుకు వెళ్లి, పేజీ నంబరు చెప్పి, రేవు ఎక్కడుందో వేలితో చూపించారు. వీడియోలో ఉంది. సాయంత్రం అయ్యేసరికి కుర్చీలు మడతపెట్టడం మొదలైంది. కార్యక్రమం చివర మినిట్స్‌ను తెలుగులో వివరిస్తూ చదివి వినిపించాలని, అదే రోజు సంతకం కావాలని నిబంధన ఉందని మన లా విద్యార్థిని లేచి చెప్పింది. ముందు విననట్టు ఊరుకున్నారు. మన వాళ్లు కదల్లేదు. చివరికి చదివారు. చదివితే రేవు మాట లేదు, ఉప్పుటేరు మాట లేదు! రెండూ అక్కడికక్కడే చేర్పించి, సంతకం పడ్డాకే ఇళ్లకు వెళ్లాం. ఈ ఒక్క సాయంత్రం కోసమైనా సంఘం ఉండాలని నా అభిప్రాయం. ఆ మినిట్స్ పంచాయతీ ఆఫీసు బోర్డుకు పెట్టాలన్న నిబంధన మాత్రం మనం రెండుసార్లు రాసి అడిగితే గానీ అమలు కాలేదు.

అనుమతి ఇంకా రాలేదు. వస్తే జాతీయ హరిత ట్రిబ్యునల్‌లో అప్పీలుకు 30 రోజులే గడువు. సరైన కారణం చూపితే మరో 60 రోజులు ఇవ్వవచ్చు, ఆ తర్వాత తలుపు మూసినట్టే. కాబట్టి అనుమతుల వివరాలు పెట్టే కేంద్ర ప్రభుత్వ పరివేష్ పోర్టల్‌ను వారం వారం చూసే పని ఒకరు తీసుకోవాలి.

మిగతావి క్లుప్తంగా. తీరంలో కట్టబోయే రిసార్టు విషయంలో, నిర్మాణ వైశాల్యం 20,000 చదరపు మీటర్ల లోపే కాబట్టి ఏ అనుమతీ అక్కర్లేదన్న వాదనకు లిఖితపూర్వకంగా జవాబిచ్చాం. ఆ లెక్క పర్యావరణ అనుమతికి సంబంధించింది, సీఆర్‌జెడ్ అనుమతి వేరు. ఇప్పటికే నడుస్తున్న ఫ్యాక్టరీ ఏటా జూన్ 1, డిసెంబరు 1 నాటికి ఇవ్వవలసిన షరతుల అమలు నివేదికలు సంపాదించాం. చదవడం ఇంకా పూర్తి కాలేదు. ఇసుక దిబ్బ చదును చేస్తున్న జేసీబీని ఒకసారి ఆపించాం. తాబేళ్ల గస్తీ ఎప్పటిలాగే జరిగింది.

వాలంటీర్ల సంగతి చెప్పక తప్పదు. వాట్సాప్‌లో బొటనవేలు చూపినవాళ్లంతా తరగతులకు వచ్చి ఉంటే షెల్టర్ సరిపోయేది కాదు. గస్తీకి పేరిచ్చి రాత్రి ఫోను ఆపేసుకున్నవారి పేర్లు ఇక్కడ రాయడం లేదు, వారికే తెలుసు. కార్యవర్గంలోనే కొందరు ప్రజాభిప్రాయ సేకరణ నాడు పెళ్లిళ్లకు వెళ్లారు. ముహూర్తం మన చేతిలో ఉండదు, నిజమే. ముందు రోజు చెబితే మరొకరిని చూసుకునేవాళ్లం.

జమాఖర్చుల పట్టిక ఆడిటరు సంతకంతో జతచేశాం, వివరాలు కోశాధికారి గారు చెబుతారు. జిరాక్సుల పద్దు పెరిగింది, కారణం పైన రాశాను.

షెల్టర్ తాళం అడిగిన ప్రతిసారీ ఇచ్చిన సచివాలయ సిబ్బందికి, మైకు సెట్టు ఉచితంగా ఇచ్చిన రామాలయం కమిటీకి, ఎండలో టేపు పట్టుకుని నడిచిన సర్వేయరు గారికి, లా విద్యార్థినికి, ఆమెను ఆ రోజు పరీక్ష చదువు మానిపించి పంపిన తల్లిదండ్రులకు, కరపత్రం అచ్చు వేసిన ప్రెస్సు వారికి, మజ్జిగ పోసిన డ్వాక్రా అక్కలకు, వేట మానుకుని వచ్చిన పడవల వారందరికీ సంఘం తరఫున కృతజ్ఞతలు. ఎవరి పేరైనా జారిపోతే పెద్దమనసుతో మన్నించండి.

వచ్చే ఏడాదికి మూడు పనులకు మనుషులు కావాలి: పోర్టల్ చూసేందుకు, షరతుల నివేదికలు చదివేందుకు, 1:4,000 పటం కోసం రెండో అప్పీలు వేసేందుకు. పేర్లు ఈ సమావేశంలోనే ఇవ్వాలి. వాట్సాప్‌లో తీసుకోను.

ఈ నివేదికను ఆమోదించవలసిందిగా సభను కోరుతున్నాను.

ఇట్లు,
కార్యదర్శి