"అంతా వేస్ట్ నాన్నా" అన్నావు కదా

గుంటూరు,
ఆదివారం రాత్రి

అమ్మలూ,

ప్రభువు కృప నీకు తోడుగా ఉండాలి. ఇక్కడ అమ్మా నేనూ బాగానే ఉన్నాం. అమ్మకు మోకాలి నొప్పి కాస్త తగ్గింది.

గురువారం రాత్రి నువ్వు ఫోన్లో అన్న మాట మూడు రోజులుగా నా చెవుల్లోనే ఉంది. రెండేళ్ళు రాత్రింబవళ్ళు చేసిన ప్రాజెక్టును ఒక్క మెయిల్ పెట్టి ఆపేశారని చెప్పి, "అంతా వేస్ట్ నాన్నా" అన్నావు. ఉద్యోగం ఉంది, జీతం తగ్గలేదు, అయినా ఏడ్చావు. నాకేం చెప్పాలో తోచక "పోనీలే, ఇంకోటి ఇస్తారులే" అనేశాను. ఫోన్ పెట్టేశాక నా మీద నాకే కోపం వచ్చింది. మనం పడే కష్టమంతా చివరికి ఏమవుతుంది అని కదా నువ్వు అడిగావు! ఇలాంటివి నాకు నోటితో చెప్పడం రాదు, అందుకని కూర్చుని రాస్తున్నాను.

నువ్వన్న మాట బైబిల్లోనే ఉంది తల్లీ. "వ్యర్థము వ్యర్థము సమస్తము వ్యర్థమే" అని ప్రసంగి గ్రంథం రాసినాయన మొదట్లోనే అంటాడు. ఆయన్నీ ప్రసంగి అనే అంటాం. ఆయనేమీ లేనివాడు కాదు. ఇళ్ళు కట్టించాడు, ద్రాక్షతోటలు నాటించాడు, చెరువులు తవ్వించాడు, వెండి బంగారాలు కూడబెట్టాడు. రెండో అధ్యాయంలో అవన్నీ ఒక్కొక్కటే చెప్పుకుని, ఒక్కసారి వెనక్కి తిరిగి చూసుకుని, గాలికి ప్రయాసపడ్డాను అంటాడు. హెబ్రీ భాషలో అక్కడున్న మాట 'హెబెల్' అని, దానికి ఊపిరి, ఆవిరి అని అర్థమని మన చర్చి అయ్యగారు ఒకసారి చెప్పారు. చలికాలం పొద్దున మాట్లాడుతుంటే నోట్లోంచి వచ్చే పొగ లాంటిది. కళ్ళకు కనపడుతుంది, చేతికి దొరకదు. ఇంత బరువైన మాటను దేవుని గ్రంథంలోంచి ఎవరూ తీసేయలేదు. అది తలుచుకుంటే నాకు ధైర్యంగా ఉంటుంది. నువ్వు అలా ఏడ్చినందుకు దేవుడు నిన్ను తప్పుపట్టడు.

నేను ముప్పై ఏళ్ళు మిర్చి యార్డులో కమీషన్ కొట్టు గుమస్తాగా చేశాను. ఆ ఘాటుకు నువ్వు చిన్నప్పుడు నా చొక్కా దగ్గరికి కూడా వచ్చేదానివి కాదు. అక్కడ పొద్దున్నే జరిగేది ఒకటే. కొనేవాళ్ళు వచ్చి టిక్కీలోంచి, అంటే మిర్చి బస్తాలోంచి, గుప్పెడు కాయలు తీసి, నలిపి, రంగు చూసి, తేమ చూసి, తాలు ఎంతుందో చూసి ఒక రేటు అంటారు. తేజా రకానికి ఒకటి, 334 రకానికి ఒకటి. నిన్నటి రేటు ఇవాళ ఉండదు. ఏడాది పొడుగునా పొలంలో చేసిన చాకిరీ ఒక్క నిమిషంలో అంకె అయి కూర్చుంటుంది. ఆ అంకెను బట్టి రైతు మొహం మారిపోవడం రోజూ చూసేవాణ్ణి. చూసీ చూసీ నన్ను నేను కూడా అలాగే తూచుకుంటున్నానని చాలాకాలం నాకే తెలియలేదు.

2017 వేసవి నీకు గుర్తుండే ఉంటుంది. అంతకుముందు ఏడాది రేటు బాగుందని అందరూ మిరపే వేశారు. యార్డులో అడుగు పెట్టే చోటు లేకుండా సరుకు వచ్చింది, రేటు పడిపోయింది. నేను అమ్మ గాజులు కుదువపెట్టి, రేటు బాగున్నప్పుడే కొంత సరుకు కొని కోల్డ్ స్టోరేజీలో పెట్టాను. నీ ఫీజు కట్టడం ఆలస్యమైందని మాత్రమే నీకు తెలుసు, గాజుల సంగతి నీకు చెప్పలేదు. ఆ రెండు నెలలూ చర్చిలో వెనక బెంచీలో కూర్చుని, ఆశీర్వాదం ఇవ్వకముందే లేచి వచ్చేసేవాణ్ణి. ఎవరికీ మొహం చూపించాలని ఉండేది కాదు.

ప్రార్థన చేశాను. రేటు పెరగలేదు. ఇది నీకు దాచకూడదు. ప్రార్థన చేస్తే అప్పులు తీరతాయి, ప్రమోషన్లు వస్తాయి అని మైకుల్లో చెప్పేవాళ్ళ మాటలు వినీ వినీ నీకు చర్చి మీదే విసుగు పుట్టిందని నాకు తెలుసు. నాకూ అది సువార్తలా అనిపించదమ్మా. సిలువకు ముందు రాత్రి గెత్సేమనే తోటలో మన ప్రభువే ఈ శ్రమల గిన్నె తప్పించమని మోకాళ్ళూని అడిగాడు, ఆయన గిన్నె ఆయన తాగక తప్పలేదు.

తర్వాత ఒక ఆదివారం చర్చిలో, పౌలు రాసిన మొదటి కొరింథీ పత్రిక పదిహేనో అధ్యాయం చదివారు. యేసు చనిపోయి లేచాడన్న సంగతి మీదే పౌలు 57 వచనాలు నడిపిస్తాడు. క్రీస్తు లేవకపోతే మన విశ్వాసం కూడా వ్యర్థమేనని మధ్యలో తానే ఒప్పుకుంటాడు. ఆ నిజాయితీ నాకు చాలా ఇష్టం. ఇక చివరి వచనంలో, "మీ ప్రయాసము ప్రభువునందు వ్యర్థము కాదని యెరిగి" స్థిరంగా ఉండమంటాడు. ప్రసంగి అన్న మాటే మళ్ళీ వచ్చింది, పక్కన 'కాదు' చేరింది. ఎన్నిసార్లు విన్నానో ఆ వాక్యం! ఆ రోజే నాకు వినపడింది. ప్రసంగి 'సూర్యుని క్రింద' అని పదే పదే అంటాడు. సూర్యుని కింద చూసినంతవరకూ ఆయన చెప్పింది నిజమే, అన్నీ సమాధి దగ్గర ఆగిపోతాయి. ఆ సమాధి లోపలికి వెళ్ళి బయటికి వచ్చినవాడు ఒకడున్నాడు. ఆయన చేతిలో పెట్టింది మాత్రం అక్కడ ఆగదు. ఆ ఆదివారం ఆశీర్వాదం అయ్యేదాకా కూర్చున్నాను. అప్పు తీరడానికి ఇంకా మూడేళ్ళు పట్టింది.

నువ్వు పుట్టిన కుగ్లర్ ఆస్పత్రి సంగతి చెప్తాను. అన్నా కుగ్లర్ అనే అమెరికా డాక్టరమ్మ 1883లో గుంటూరు వచ్చింది. ఆమెను పంపినవాళ్ళకు అప్పటికి వైద్యం చేయించే ఉద్దేశమే లేదు, ఆడవాళ్ళకు చదువు చెప్పే పని అప్పగించారు. ఆమె మాత్రం వైద్యం సామాను వెంట తెచ్చుకుని, ఆ పని చేస్తూనే రోగుల్ని చూసింది. ఆస్పత్రి తెరిచేసరికి 1898 వచ్చింది. పదిహేనేళ్ళమ్మా! 1930లో ఈ ఊళ్ళోనే కన్నుమూసింది.

ఆస్పత్రి నిలబడింది కాబట్టి ఆమె కష్టం వ్యర్థం కాలేదు అని నేను అనను. అలా అంటే మీ నాయనమ్మ సంగతేంటి? ఆమె పేరున ఒక్క గోడ కూడా లేదు. సత్తెనపల్లి దగ్గర పల్లెలో కూలికి కాయల తొడిమలు తీసి మమ్మల్ని పెంచింది. ఊరి బావి దగ్గరికి రానిచ్చేవారు కాదు. పొద్దున ఎసట్లో బియ్యం పోసేముందు పిడికెడు తీసి వేరే కుండలో వేసి, ఆదివారం చర్చికి పట్టుకెళ్ళేది. మాకు చాలని రోజు కూడా ఆ పిడికెడు తప్పేది కాదు. నాకు కోపం వచ్చేది. పెద్దయ్యాక రాత్రిబడిలో చర్చి ఉపదేశిగారి దగ్గర అక్షరాలు నేర్చుకుని, బైబిల్ వేలు పెట్టి కూడబలుక్కుని చదివేది. మొదటి కొరింథీలోనే ఉన్న "విలువపెట్టి కొనబడినవారు" అన్న మాట దగ్గర ఆగి మళ్ళీ చదివేది. ఊరు తనకు కట్టిన వెలను ఆమె ఎన్నడూ ఒప్పుకోలేదు. యార్డులో అన్నేళ్ళు రేట్లు రాసిన నాకు ఆ మాట అర్థం కావడానికి సగం జీవితం పట్టింది. నా రేటు రోజూ పొద్దున తేలేది కాదు. ఎప్పుడో సిలువ దగ్గరే చెల్లించేశారు.

డాక్టరమ్మ ఆస్పత్రీ, నాయనమ్మ పిడికెడు బియ్యమూ ఒకే చేతిలోకి వెళ్ళాయని నమ్ముతున్నాను. నీ రెండేళ్ళూ అక్కడికే వెళ్ళగలవు. ప్రాజెక్టు మళ్ళీ మొదలవుతుందని నేను చెప్పలేను. కొత్తగా చేరిన పిల్లకు పని అర్థమయ్యేదాకా రాత్రి పదకొండింటి వరకూ పక్కన కూర్చున్నానని ఒకసారి చెప్పావే, లెక్కల్లో తప్పుంటే ఎవరూ అడక్కపోయినా మొత్తం మళ్ళీ చేశానన్నావే, వాటిని ఆయన దగ్గర పెట్టు. అవి ఎలా నిలుస్తాయో నేను చూడలేదు, నాకు తెలిసింది వాటిని తీసుకునేవాడు మాత్రమే.

ఈమధ్య ప్రార్థన చేయబుద్ధి కావట్లేదని కూడా అన్నావు. బలవంతాన చేయకు. వస్తే పరలోక ప్రార్థన ఒక్కటి చెప్పుకో. అదీ రాకపోతే ఊరికే కూర్చో. రాత్రి తొమ్మిదింటికి ఇక్కడ అమ్మా నేనూ కూర్చుంటాం, నీ పేరు మేం చెప్తాం.

బస్సు పార్సిల్లో అమ్మ పండుమిరపకాయ పచ్చడి, రెండు కేజీల కారం పంపిస్తోంది. అడుగున తువ్వాల్లో చుట్టి నాయనమ్మ బైబిల్ పెట్టాను. కొరింథీ దగ్గర పేజీలు ఊడిపోయి ఉంటాయి, జాగ్రత్తగా తియ్యి. కారం డబ్బా మూత సరిగ్గా ఉందో లేదో చూసి, అందగానే ఫోన్ చెయ్యి.

నాన్న