తనిఖీ లేకుండా మార్చిన బ్యాటరీ, తప్పుగా తేల్చిన క్లచ్: డబ్బు వాపసు, ఉచిత మరమ్మతు కోరుతూ ఫిర్యాదు

కస్టమర్ సేవా విభాగం అధిపతి గారికి,

విషయం: వారంటీలో ఉన్న నా మాన్యువల్ గేర్ పెట్రోలు కారు లోపాలను మీ అధీకృత సర్వీసు కేంద్రం తప్పుగా నిర్ధారించి డబ్బు వసూలు చేయడం గురించి.

అయ్యా,

నేను ఉపాధ్యాయురాలిని. రాజమహేంద్రవరంలో ఉంటూ రోజూ గోదావరి దాటి కొవ్వూరు వైపున్న బడికి మీ కంపెనీ కారులోనే వెళ్లి వచ్చేదాన్ని. వారంటీ గడువు ఇంకా తీరలేదు. సర్వీసులన్నీ మీరు చెప్పిన కిలోమీటర్లకే, మీ దగ్గరే చేయించాను. అయినా తాళం తిప్పితే కారు స్టార్ట్ కాకపోవడానికి గానీ, గేర్లు పడకపోవడానికి గానీ మీ సర్వీసు కేంద్రం అసలు కారణం వెతకలేదు. ఊహ మీద భాగాలు మార్చి బిల్లులు నా చేతిలో పెట్టింది. పైగా నేను నడిపే తీరే తప్పని జాబ్ కార్డులో, అంటే కారు లోపాలు, చేసిన పనులు రాసే కాగితంలో రాసింది.

ముందు స్టార్టింగు సంగతి చెబుతాను. క్లచ్ పెడల్ పూర్తిగా తొక్కి తాళం తిప్పినా కొన్నిసార్లు కారులో చలనమే ఉండేది కాదు. ఇంజను నీరసంగా తిరగడం లేదు, టిక్కుమన్న చప్పుడూ లేదు. హెడ్‌లైట్లు మాత్రం మసకబారకుండా వెలిగేవి, హారను గట్టిగా మోగేది. ఇవన్నీ సర్వీసు అడ్వైజరుకు వివరంగా చెప్పాను. ఆయన బానెట్ ఎత్తకముందే బ్యాటరీ పోయిందన్నారు. కొత్త బ్యాటరీకి డబ్బు కట్టాను. కొద్ది రోజులకే కారు మళ్లీ మొరాయించింది. ఈసారి ఇంజనును తిప్పి స్టార్ట్ చేసే స్టార్టర్ మోటారు మార్చాలని అంచనా కాగితం ఇచ్చారు.

అప్పుడు మా పేటలోని మెకానిక్‌కు చూపించాను. ఆయన మల్టీమీటరు పెడితే బ్యాటరీ 12.6 వోల్టులు చూపింది, అంటే ఛార్జి నిండుగా ఉంది. తాళం తిప్పినప్పుడు లైట్లు మసకబారడం లేదంటే మోటారు దాకా కరెంటే చేరడం లేదని, మధ్యలో ఎక్కడో అది తెగిపోతోందని చెప్పారు. తర్వాత టార్చి వేసుకుని పెడల్ కింద చూశారు. మీ కారులో క్లచ్ పూర్తిగా తొక్కితేనే స్టార్టర్‌కు కరెంటు వెళ్తుంది. అందుకోసం పెడల్ కమ్మీకి ఎదురుగా ఒక స్విచ్ ఉంది. కమ్మీకి ఉన్న రంధ్రంలో చొక్కా బొత్తామంత ప్లాస్టిక్ బిళ్ల బిగించి ఉంటుంది. ఆ బిళ్లే స్విచ్‌ను నొక్కాలి. నా కారులో అది పెళుసుబారి సగం విరిగిపోయింది. మిగిలిన సగం ఒక్కోసారి స్విచ్‌ను నొక్కేది, ఒక్కోసారి స్విచ్ మొన ఆ రంధ్రంలోకి దూరిపోయేది. విరిగిన ముక్కలు కాళ్ల దగ్గరి మ్యాటు మీదే పడి ఉన్నాయి. అదే మ్యాటును మీ వాళ్లు ప్రతి సర్వీసులోనూ తీసి దులిపి మళ్లీ వేస్తారు. కొత్త బిళ్ల వేసిన నాటి నుంచి స్టార్టింగుకు ఇబ్బంది లేదు. మరి నా పాత బ్యాటరీ ఏ పరీక్షలో విఫలమైంది? అడిగితే ఒక్క కాగితం చూపలేకపోయారు. ఆ బ్యాటరీని నాకు తిరిగి ఇవ్వనూ లేదు.

క్లచ్ విషయంలో జరిగింది ఇంతకంటే దారుణం. పెడల్ మెత్తబడి నేల దాకా పోయేది. రివర్సు వేయబోతే గేరు కరకరమనేది. పెడల్‌ను వెంటవెంటనే రెండు మూడుసార్లు తొక్కితే మాత్రం గేరు పడేది. క్లచ్ ప్లేటు అరిగితే యాక్సిలరేటర్ తొక్కినప్పుడు ఇంజను హోరెత్తుతుంది కానీ కారు వేగం అందుకోదు. నా కారులో అది లేనే లేదు. తొక్కి తొక్కి ఒత్తిడి తెస్తే పనిచేస్తోందంటే లోపం ఆయిలు ఒత్తిడితో నడిచే సిలిండర్లలోనో, గొట్టాల్లోనో ఉందని అనుమానించాలి. మీ అడ్వైజరు నా మాట వినలేదు. నాతో వచ్చిన మా తమ్ముడి వైపు తిరిగి, "మేడం గారిని క్లచ్ మీద కాలు తీసి నడపమనండి" అన్నారు. కారు నాది, లోపం చెబుతున్నది నేను. అందరి ముందూ ఆ మాట అనిపించుకున్న బాధ ఇప్పటికీ తగ్గలేదు.

హాఫ్ క్లచ్ (పెడల్ సగం తొక్కి ఉంచి నడిపే) అలవాటు వల్ల అరిగింది కనుక వారంటీ వర్తించదని చెప్పి క్లచ్ ప్లేటు, దాన్ని అదిమి పట్టే ప్రెషర్ ప్లేటు నా ఖర్చుతో మార్చారు. గట్టిగా పట్టుబడితే పాత ప్లేటు ఇచ్చారు. అది నా దగ్గర భద్రంగా ఉంది. దాని లైనింగు ఇంకా మందంగానే ఉంది, రివెట్ల తలలు బాగా లోపలే ఉన్నాయి, అంటే ప్లేటు అరగలేదు. ఒక పక్కన మాత్రం ఆయిలుకు తడిసి నల్లటి పొడి ముద్దకట్టింది. ఆ ఆయిలు కారింది గేర్‌బాక్సు గూటిలోనే ఉండి, పెడల్ తొక్కినప్పుడు ఆయిలు ఒత్తిడితో క్లచ్‌ను విడదీసే స్లేవ్ సిలిండరు నుంచి. గేర్‌బాక్సు దింపినప్పుడు ఆ సిలిండరు మీ వాళ్ల కళ్లెదుటే ఉంది. దాన్ని అలాగే వదిలేసి కొత్త ప్లేటు బిగించారు. ఇప్పుడు మళ్లీ అదే చోట తడి, పెడల్ మళ్లీ మెత్తబడింది. మరోసారి గేర్‌బాక్సు దింపక తప్పదు.

ఇంకొక్క విషయం. ఈ కారులో క్లచ్‌కూ బ్రేకులకూ ఆయిలు డబ్బా ఒక్కటే. మీ బిల్లుల్లోనే ఒకటికి మించి "బ్రేక్ ఆయిల్ టాప్ అప్" అని ఉంది. మట్టం ఎందుకు పడిపోతోందని ఒక్కరైనా చూడలేదు. క్లచ్ గొట్టం డబ్బా పైభాగాన ఉంటుంది కనుక బ్రేకులకు కొంత ఆయిలు మిగులుతుందని మెకానిక్ చెప్పారు. ఆ ధైర్యంతో ఎవరినైనా రోడ్డు మీదికి పంపవచ్చా? రోడ్డు కం రైలు వంతెన మీద, పక్కకు ఆపుకునే చోటు లేని ఆ ఇరుకు దారిలో, వెనుక బస్సు హారను మోగిస్తుండగా నా కారు గేరు పడక ఆగిపోయింది. పక్క సీట్లో మా అమ్మ ఉంది.

బ్యాటరీకి, క్లచ్ సెట్టుకు, కూలికి తీసుకున్న మొత్తం తిరిగి ఇవ్వండి. స్లేవ్ సిలిండరును, దాని ఆయిలుకు తడిసిన కొత్త ప్లేటును వారంటీ కింద ఉచితంగా మార్చండి. మారిన భాగాలను నాకు చూపాలి. జాబ్ కార్డులోని "తప్పుడు డ్రైవింగ్" అన్న రాతను కొట్టివేసి, కొట్టివేసినట్టు లిఖితపూర్వకంగా ఇవ్వాలి. బ్యాటరీ మార్చేముందు క్లచ్ స్విచ్ చూడాలని, క్లచ్ సెట్టు మార్చేముందు ఆయిలు కారుతోందేమో చూడాలని మీ కేంద్రాలన్నిటికీ ఆదేశాలు పంపండి.

ఇది వినియోగదారుల రక్షణ చట్టం, 2019 సెక్షన్ 2(11) చెప్పే సేవాలోపమే. ఉత్తరం అందిన 15 రోజుల్లో జవాబు రాకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైను 1915లో ఫిర్యాదు నమోదు చేయించి, సెక్షన్ 35 కింద మా జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్తాను. బిల్లులు, జాబ్ కార్డుల నకళ్లు, ప్లేటు ఫొటోలు జతపరిచాను. కారును నేను నడపడం మానేశాను. దాన్ని మా ఇంటి నుంచి లారీ మీద ఎక్కించి తీసుకువెళ్లండి, నడిపించుకుని వెళ్లవద్దు.

ఇట్లు,
మీ కారు యజమాని,
రాజమహేంద్రవరం