తవ్వకాల్లో దొరికిన ఎముకలకూ లెక్క చెప్పాలి

సంపాదకులకు నమస్కారం.

తమిళనాడు తీరంలో ఎక్కడ తవ్వకాలు జరిగినా పూసలు, నాణేలు, రాతలున్న పెంకులు పేపర్లో ఫొటోలతో సహా వస్తాయి. ఎముకల సంగతికి వచ్చేసరికి "జంతువుల ఎముకలు కూడా దొరికాయి" అని ఒక్క ముక్కతో సరిపెడతారు. ఏ జంతువువి? ఏ మట్టి పొరలో, ఎన్ని? ఆ ఊరివాళ్లు ఏం తిన్నారో, ఏం పెంచారో చెప్పేవి అవే కదా.

వస్తువుల్ని మాత్రమే చూసి తొందరపడటం మనకు కొత్త కాదు. 1945లో పురావస్తు శాస్త్రవేత్త మార్టిమర్ వీలర్ పుదుచ్చేరి దగ్గరి అరికమేడులో తవ్వినప్పుడు ఇటలీ ఎర్ర పాత్రల పెంకులు, ఆంఫొరా జాడీల ముక్కలు దొరికాయి. అది రోమ్ వర్తకం పుణ్యమా అని వెలసిన రేవేనన్న అభిప్రాయం బలపడింది. 1989-92లో విమలా బెగ్లీ బృందం మళ్లీ తవ్వాక, ఆ వర్తకానికి ముందూ తర్వాతా అక్కడ జనం ఉన్నారని తేలింది.

తీరంలో ఇంకో చిక్కుంది. ఇసుకలో దొరికిన ప్రతి చిప్పా మనిషి తెచ్చింది కాదు. చిప్పకు గుండ్రటి బెజ్జం ఉంటే దండలో గుచ్చుకున్నదనిపిస్తుంది. కానీ కొన్ని సముద్రపు నత్తలు చిప్పను తొలిచి లోపలి జీవిని తినేస్తాయి. ఆ బెజ్జం నున్నగా, బయట వెడల్పుగా, లోపలికి పోను పోను సన్నగా ఉంటుంది. శంఖం మీద అడ్డంగా రంపపు కోత కనిపిస్తే మాత్రం అది గాజులు చేసినవాళ్ల పనే. ఎముక మీదా అంతే. కత్తిగాటు సన్నటి గీతలా పడుతుంది, కుక్క కొరికితే గుంటలు పడతాయి. పశువుల పళ్ల అరుగుదలను బట్టి వాటిని లేతగా కోశారా, పాలకో దుక్కికో ఏళ్ల తరబడి ఉంచుకున్నారా అన్నది కూడా అంచనా వేయొచ్చు.

నాకు ఎక్కువ బాధ కలిగించేది చేపల విషయం. కవళ్లు, నెత్తళ్ల ముళ్లు ఎంతుంటాయి? మట్టిని సన్న జల్లెడ పట్టకపోతే అన్నీ పోతాయి, ఆవు, గేదె ఎముకలు మిగులుతాయి. అప్పుడు సముద్రం ఒడ్డునే బతికిన ఊరు చేపలు పెద్దగా తినలేదని రాసేసే ప్రమాదం ఉంది!

అందుకే ప్రతి తీర తవ్వకంలోనూ సన్న జల్లెడను పురావస్తు శాఖ తప్పనిసరి చేయాలి. ఎముకల పట్టికను పొరలవారీగా నివేదికలో అచ్చువేయాలి. పోల్చి చూసుకోవడానికి చేపల అస్థిపంజరాలు కావాలంటే కాసిమేడు రేవు పక్కనే ఉంది. అక్కడికి రోజూ వచ్చే చేపలతో మన కాలేజీల జంతుశాస్త్రం విద్యార్థులే వాటిని తయారు చేసి ఇవ్వగలరు. ముందు వాళ్లను పిలవాలి.

— ఒక విశ్రాంత జంతుశాస్త్ర అధ్యాపకురాలు,
పెరంబూరు, చెన్నై